రాదారి పడవలో ఎడారికి

కాలువలు కట్టేశారు. ఏటా ఏప్రిల్‌లో ఉండేదే. ధవళేశ్వరంలో తలుపులు దించిన రెండో రోజుకి మా గన్నవరం కాలువలో నీళ్లు మోకాలి లోతుకి దిగిపోతాయి. నాలుగో రోజుకి అడుగు బురద కనబడుతుంది. ఊళ్లో పిల్లలంతా ఆ బురదలోకి దిగి మట్టగిడసల కోసం చేతులతో దేవులాడుతుంటారు. ఇంకో పది రోజులకి బురద ఎండి నెర్రెలు విచ్చుతుంది. సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని ఆ నెర్రెల కేసి చూస్తుంటే నాకు ప్రతి ఏడూ యూమా గుర్తొస్తుంది. అరిజోనా రాష్ట్రంలో, కొలరాడో నది ఒడ్డున, మెక్సికో సరిహద్దుని ఆనుకుని ఉన్న ఎడారి ఊరది. అక్కడ మా అప్పనపల్లి ఉంటాడు.

అప్పనపల్లి వాడి సొంతూరు. 1968లో నాలుగూళ్ల పిల్లలం అమలాపురంలో హైస్కూలు చదువుకొచ్చి ఒకే గదిలో దిగాం. సొంత పేర్లతో పిలుచుకున్న గుర్తే లేదు. నేను గన్నవరం. మిగతా ముగ్గురూ అప్పనపల్లి, ముంగండ, రాజోలు. ఇవాళ్టికీ ఫోనులో "ఒరే గన్నవరం" అని వినబడితే నాకు పద్నాలుగేళ్లొస్తాయి. శనివారం ఇళ్లకి పోయి, ఆదివారం సాయంత్రానికి బియ్యం మూట, పచ్చడి జాడీ మోసుకొచ్చేవాళ్లం. కిరసనాయిలు పొయ్యి మీద అన్నం వండే వంతు ఒకడిది, గిన్నెలు తోమే వంతు ఇంకొకడిది. రాజోలు వాళ్లమ్మగారు పంపే పనసపొట్టు ఆవపెట్టిన కూర ఒక్క రాత్రికే అయిపోయేది. దాని కోసం కొట్టుకున్న రోజులున్నాయి.

బడి తెరిచే రోజుల్లోనే కాలువకి నీళ్లు వదిలేవారు. మొదటి నీరు వస్తోందని కబురు తెలిస్తే చాలు, నలుగురం పుస్తకాలు గదిలో పడేసి గట్టెక్కేవాళ్లం. మొదటి నీరు తరవాతొచ్చే నీళ్లలా ఉండదు. నురగనీ, ఎండుటాకుల్నీ, కొబ్బరి పీచునీ ముందుకి తోసుకుంటూ, ప్రతి నెర్రెలోకీ దిగి బుడబుడమని గాలి వదులుతూ, మనిషి నడిచినంత నెమ్మదిగా వస్తుంది. మేం కాలువ అడుగున దాని ముందు నిలబడేవాళ్లం. కాలివేళ్లకి తగలగానే పది అడుగులు వెనక్కి. మళ్లీ తగిలేదాకా ఆగడం, మళ్లీ వెనక్కి. అలా లాకుల దాకా నీళ్లని మేమే తోలుకొచ్చినట్టు ఉండేది.

తరవాత ఎవరి దారి వాళ్లదైంది. అప్పనపల్లి కాకినాడ రంగరాయలో డాక్టరీ చదివి అమెరికా వెళ్లి, చివరికి యూమాలో స్థిరపడ్డాడు. ముంగండ ఇంజనీరింగ్ చదివాడు, ఫీనిక్సు పక్కన టెంపీలో ఇల్లు కట్టుకున్నాడు. రాజోలు వాల్తేరులో చదివి టూసాన్‌లో ప్రొఫెసరయ్యాడు. గోదారి జిల్లా వాళ్లు ముగ్గురూ ఏరి కోరి ఎడారికే ఎలా చేరారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేను ఇరిగేషన్‌లో చేరి, ముప్పై ఏళ్లకి పైగా గట్లు, లాకులు, తూములు, గండ్ల మధ్య తిరిగి, 2013లో రిటైరయ్యాను.

ఆ చలికాలం మా అబ్బాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లాం. ముగ్గుర్నీ చూడాలని నా కోరిక. విమానంలో వెళ్తే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పూట. మా ఆవిడకి బయటి తిండి పడదు, మోకాళ్ల నొప్పి వల్ల ఎక్కువసేపు కూర్చోలేదు. మా అబ్బాయి ఆలోచించి మోటర్‌హోమ్ అద్దెకి తెచ్చాడు. ఇరవై అయిదు అడుగుల బండి. డ్రైవరు సీటు పైన అటకలాగా ఒక పడక, వెనక ఇంకో పడక, మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, బల్ల, బీరువా అంత స్నానాలగది. అక్కడి వాళ్లంతా ఆర్వీ అంటారు. మా ఆవిడ ఎక్కి, పొయ్యి చూసి, పడక మీద చెయ్యేసి నొక్కి చూసి, "ఇది బండేంటండీ, రాదారి పడవ!" అంది.

ఆవిడ పుట్టిల్లు బొబ్బర్లంక. వాళ్ల తాతగారికి సరుకు పడవ ఉండేది. గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగుతుంటే, పడవ అమరం దగ్గర మట్టిపొయ్యి మీద అన్నం ఉడుకుతుండేదట. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ కట్టేసుకోవడం, అక్కడే పడుకోవడం. రోడ్లు పడి లారీలొచ్చాక కాలువల మీద ఆ పడవలన్నీ పోయాయి. నలభై ఏళ్ల తరవాత అలాంటి కాపురం ఆవిడకి ఎడారిలో దొరికింది. ఆ పది రోజులూ ఆవిడ మొహంలో ఉన్న వెలుగు నేను మా అబ్బాయి పెళ్లిలో కూడా చూడలేదు.

నా మనసు మటుకు టాంకుల మీద ఉండేది. బండి కింద మూడు టాంకులు. మంచినీళ్లది ఒకటి, వాడిన నీళ్లది ఒకటి, పాయిఖానాది ఒకటి. మంచినీళ్లు నలభై గ్యాలన్లు, అంటే నూట యాభై లీటర్లు. నలుగురికి అన్నీ అందులోనే. నా ఉద్యోగమంతా క్యూసెక్కుల్లో, టీఎంసీల్లో లెక్కలు రాశాను. నీళ్లని చెంబుల్లో లెక్కపెట్టడం అక్కడే నేర్చుకున్నాను. మా కోడలు సగం చెంబుతో గిన్నె కడిగి చూపించింది. ఆ నైపుణ్యం మా డిపార్టుమెంటులో ఎవరికీ లేదు.

ఫిబ్రవరి నెలాఖరులో బయల్దేరాం. కొండల మధ్య కనుమ దాటి, వందల కొద్దీ గాలిమరలు తిరిగే చోటు దాటి ఎడారిలోకి దిగాం. మొదటి రాత్రి సాల్టన్ సీ ఒడ్డున ఆగాం. ఇరవై మైళ్లకి పైగా పొడవున్న ఉప్పునీటి సరస్సు. ఒడ్డున నడుస్తుంటే కాళ్ల కింద కరకరమంది. ఇసక అనుకున్నాను. వంగి గుప్పెడు తీసి చూస్తే ఒక్క ఇసక రేణువు లేదు. అన్నీ చిన్న చిన్న గవ్వ పెంకులు, చేప ముళ్లు. వెన్నుపూసలు పూసలదండలా తెగి పడి ఉన్నాయి. నీరు సముద్రం కన్నా ఉప్పన. చేపలు గుంపులుగా చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తాయట.

దాని కథ మా అబ్బాయి ఫోనులో చదివి వినిపిస్తుంటే నాకు కాళ్లు వణికాయి. అది దేవుడు చేసిన సరస్సు కాదు, గండి పడి ఏర్పడింది. ఇంపీరియల్ లోయ పొలాలకి కొలరాడో నుంచి కాలువ తవ్వారు. కాలువ పూడికతో నిండి నీళ్లు చాలకపోతే, 1904లో నది గట్టుకి కొత్త కోత పెట్టారు. తలుపులు కట్టలేదు. 1905లో వరద మీద వరద వచ్చింది. నీళ్లు ఆ కోతని కోసుకుంటూ పోయి నది నదంతా పల్లంలోకి మళ్లింది. సముద్రమట్టానికి రెండొందల అడుగులకి పైగా దిగువనున్న పల్లమది. రెండేళ్లు అలా పారింది. 1907లో రైల్వేవాళ్లు వ్యాగన్ల కొద్దీ రాళ్లు పోసి పూడిస్తే గానీ ఆగలేదు.

తలుపు లేకుండా గట్టు కోయడం! మా దగ్గర గట్టు మీద ఎలకబొరియ కనబడితేనే నిద్రపట్టేది కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. అర్ధరాత్రి, వాన, పెట్రోమాక్సు లైట్లు. నీళ్లు గట్టు అంచుకి జానెడు కిందికొచ్చాయి. ఊళ్లో మగాళ్లు తాటి దుంగలు, ఇసక బస్తాలు మోస్తుంటే ఆడవాళ్లు గోనెల్లో మట్టి నింపారు. గట్టు లోపల నీరు ఊరుతున్న చోట చెవి పెడితే గుర్రు గుర్రుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు విన్నవాడు దాన్ని మర్చిపోడు. సాల్టన్ ఒడ్డున నిలబడి నూరేళ్ల కిందట ఆ కోత దగ్గర కాపలా ఉన్న నాలాంటి ఉద్యోగి ఎవడోగానీ వాడి గురించే ఆలోచించాను. రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

మర్నాడు ఇసక దిబ్బల మీదుగా యూమా. దిబ్బలు చూడ్డానికి బాగున్నాయి, నాకు తొందరగా ఉంది.

అప్పనపల్లి వీధిలోకొచ్చి రెండు చేతులూ ఊపుతూ బండిని వెనక్కి రానిమ్మని దారి చూపించాడు, రేవులో పడవకి చూపించినట్టు. నేను దిగగానే ఏం మాట్లాడలేదు. నా భుజం పట్టుకుని ఊపాడు. వాళ్లావిడ "అన్నయ్యగారూ, దారిలో ఇబ్బందేం పడలేదు కదండీ" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసికెళ్లింది.

వాడికిష్టమని ఆత్రేయపురం పూతరేకులు తెచ్చాం. మన దగ్గర పూతరేకు రెండ్రోజులుంటే గాలిలో తేమకి మెత్తబడి సాగుతుంది కదా. యూమా గాలి అలా కాదు. డబ్బా మూత తీసి ఒకటి పట్టుకోబోతే చేతిలో పొడిపొడి అయిపోయింది. రెండోదీ అంతే. తెల్లటి పొరలు ఎండిన చేప పొలుసుల్లా బల్లంతా పరుచుకున్నాయి. మా ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి, అంత దూరం గుండెకి హత్తుకుని తెచ్చింది మరి. వాడు అరచేయి నాకి తడిచేసుకుని, ఆ పొడి మీద అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు హార్లిక్స్ పొడి తిన్నట్టు. డబ్బా ఖాళీ అయ్యేదాకా అలాగే తిన్నాడు. "బెల్లానివి కూడా తెచ్చారా వదినా?" అని అడిగాడు. తెచ్చాం.

యూమాలో ఏడాది మొత్తానికి పడే వాన మూడు అంగుళాలు. మన ఊళ్లో ఒక ముసురుకి పడుతుంది. అయినా ఊరు చుట్టూ పచ్చగా ఉంది. లెట్యూస్ అనే ఆకుకూర మళ్లు కనుచూపు మేర. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కల నుంచే వెళ్తుంది. నది అవతల బార్డ్ అనే చోట ఖర్జూరం తోటలకి తీసికెళ్లాడు. మెజూల్ ఖర్జూరం 1927లో మొరాకో నుంచి వచ్చింది. తెచ్చినవి పదకొండు పిలకలే. అమెరికాలో ఆ తోటలన్నిటికీ మూలం అవేనట. మేం వెళ్లినప్పుడు పనివాళ్లు నిచ్చెనలెక్కి, మగచెట్టు పుప్పొడి తెచ్చి ఆడగెలలకి చేత్తో పూస్తున్నారు. కొబ్బరి చెట్టుకి అన్నీ గాలీ తేనెటీగలే చూసుకుంటాయి, మనం కాయలు దింపడమే. ఇక్కడ ప్రతి గెలకీ మనిషి చెయ్యి తగలాలి. నేను చాలాసేపు మెడ ఎత్తి చూస్తూ నిలబడిపోయాను. దించాక మెడ పట్టేసింది.

కానీ వాడు నాకోసం దాచిపెట్టింది వేరే. "నువ్వు చూడాల్సింది ఒకటుంది రా" అని నది ఒడ్డుకి తీసికెళ్లాడు. అక్కడ ఒక కాంక్రీటు కట్టడంలోంచి నీళ్లు సుడులు తిరుగుతూ పైకి లేచి కాలువలో పడుతున్నాయి. నాకు మొదట అర్థం కాలేదు. నది అవతలి ఒడ్డున కాలువ ఉంది. ఆ కాలువ నీరు సొరంగంలోకి దిగి, నది అడుగు కిందుగా వచ్చి, ఇవతల లేస్తోంది. 1912లో కట్టిన సైఫన్. పద్నాలుగు అడుగుల వ్యాసం.

మా గన్నవరంలో వైనతేయ గోదారి మీద కమానుల వంతెన కట్టి కాలువని నది పైనుంచి అవతలి దీవికి తీసికెళ్లారు. కాటన్ దొర కాలంలో హెయిగ్ అనే ఇంజనీరు కట్టించిన అక్విడక్టు. నేను దాని పక్కనే పుట్టాను. కింద గోదారి, పైన కాలువ. ఇక్కడ పైన నది, కింద కాలువ. "చూశావా, మీ ఊరుని బోర్లేసినట్టు లేదూ?" అన్నాడు వాడు. "ఈ ఊరొచ్చిన కొత్తలో ఏడుపొచ్చినప్పుడల్లా ఇక్కడికొచ్చి కూర్చునేవాణ్ణి. లాకు చప్పుడు వినిపిస్తుంది." కళ్లు మూసుకుంటే నిజంగానే లాకు చప్పుడది.

"మరి నది ఏదిరా?" అనడిగాను. చూపించాడు. రాయి విసిరితే అవతల పడేంత. గ్రాండ్ కాన్యన్‌ని చెక్కిన నది అదేనా అనిపించింది. ఎగువన ఇంపీరియల్ డ్యామ్ దగ్గర ఎనభై మైళ్ల ఆల్ అమెరికన్ కాలువకే ఎక్కువ నీరు మళ్లిపోతుంది. సాయంత్రం ఇంకా దిగువకి, మెక్సికో వాళ్ల మొరేలోస్ ఆనకట్ట కనబడే గట్టు మీదికి వెళ్లాం. 1944 ఒప్పందం ప్రకారం మెక్సికో వాటా ఏడాదికి 15 లక్షల ఎకరం అడుగులు, మన లెక్కలో 65 టీఎంసీలు. దాన్ని అక్కడ కాలువలోకి తిప్పేసుకుంటారు. ఆనకట్ట దిగువన ఎండిన నది.

"సముద్రం ఎంత దూరం?"

"నూరు మైళ్లుంటుంది."

"మరి ఎలా వెళ్తుంది?"

"వెళ్లదు."

1960ల్లో ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ కట్టాక, పెద్ద వరదలొచ్చిన ఏళ్లలో తప్ప ఆ నది సముద్రం చేరడం మానేసిందని చెప్పాడు. నాకు నోట మాట రాలేదు. మన గోదారి ఏటా వేల టీఎంసీలు సముద్రంలో పోస్తుంది, వృథా వృథా అని నేనూ ఎన్నో మీటింగుల్లో అన్నాను. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నిలబడి, ఎర్ర నీరు, నీలం నీరు ఒరుసుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. సముద్రం చూడని నది ఉంటుందని పుస్తకాల్లో చదివినా, ఎదురుగా చూడ్డం వేరు. ఆ రోజు తరవాత నేను వృథా అనే మాట వాడలేదు.

నాలుగు రోజులుండి ఉత్తరానికి బయల్దేరాం. ఎనభై మైళ్ల అవతల క్వార్ట్‌జ్‌సైట్ అనే ఊరు. చలికాలం వచ్చిందంటే చలి దేశాల ముసలాళ్లంతా ఇలాంటి బండ్లేసుకుని ఆ ఎడారిలోకి దిగుతారు. కరెంటు కనెక్షన్ లేదు, కుళాయి లేదు, బయల్లో ఎక్కడపడితే అక్కడ ఆపుకోవచ్చు. మహా తీర్థంలా ఉంటుంది. అక్కడ శ్మశానంలో ఒక రాతి గోపురం, దాని మీద రాగి ఒంటె. హాజీ అలీ అనే సిరియా దేశస్థుడి సమాధి. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారిలో సామాన్లు మోయడానికి ఒంటెల్ని తెప్పించినప్పుడు వాటిని తోలుకుంటూ వచ్చాడు. ఆ ప్రయత్నం ఆగిపోయింది, ఒంటెలు చెదిరిపోయాయి, ఆయన మాత్రం ఇంటికి వెళ్లలేదు. 1902లో అక్కడే పోయాడు. అక్కడి జనానికి ఆయన పేరు నోరు తిరగక హై జాలీ అన్నారు, రాతి మీద కూడా అదే చెక్కారు.

ఆ రాత్రే మా నీళ్లు అయిపోయాయి. మీటరు మీద సగం టాంకు ఉన్నట్టు దీపం వెలుగుతోంది. కుళాయి తిప్పితే పంపు గాలి లాగి గరగరమంది. మీటరు చెడిపోయిన బండి మా చేతికిచ్చారన్నమాట. అద్దెకిచ్చినవాళ్లకి ఫోను చేస్తే పొద్దున్న చేయమన్నారు. పొయ్యి మీద కడిగిన బియ్యం ఉంది, పోయడానికి ఎసరు లేదు. జీవితమంతా నీళ్ల ఉద్యోగం చేసి, మా ఆవిడ ఖాళీ చెంబు పట్టుకుని నా మొహం కేసి చూస్తుంటే నాకు ఎంత బాధేసిందో చెప్పలేను.

పక్క బండిలో కెనడా నుంచి ఏటా వచ్చే ముసలాయన ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. మా అబ్బాయి వెళ్లి అడిగితే మాట పూర్తి కాకుండానే లేచి, అయిదు గ్యాలన్ల క్యాను చక్రాల బండి మీద పెట్టుకుని లాక్కొచ్చాడు. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మా ఆవిడ పులిహోర కలిపి పంపింది. పొద్దున్నే ఆయన గిన్నె కడిగి తెచ్చాడు. తన నీళ్లు మాకిచ్చి, మళ్లీ ఇంకొన్ని నీళ్లు ఖర్చుపెట్టి కడిగి తెచ్చాడు. ఉత్త గిన్నె ఇవ్వకూడదని వాళ్లకెలా తెలుసో, అందులో రెండు నారింజ పళ్లున్నాయి.

టెంపీలో ముంగండ ఇంట్లో మూడు రోజులు. మొదటి రాత్రి రెండు గంటలకి వచ్చి బండి తలుపు కొట్టాడు. లుంగీ, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో పార. "లే రా, వంతొచ్చింది" అన్నాడు.

కలేమో అనుకున్నాను. అక్కడ పాత పేటల్లో పెరళ్లకి కాలువ నీరొస్తుంది. ఇంటింటికీ వంతు, గంటలు నిమిషాలతో సహా కాగితం మీద రాసి ఇస్తారు. అర్ధరాత్రి వచ్చినా లేచి పెట్టుకోవాల్సిందే, లేకపోతే వంతు పోయినట్టే. పెరటి చుట్టూ జానెడు గట్టు. ఇద్దరం చీకట్లో వెళ్లి ఇనప చక్రం తిప్పాం. నేల లోపల ఎక్కడో గుడగుడమని, తరవాత గడ్డి మధ్యలో నీళ్లు పొంగాయి. ఎండిన నేల మీద మొదటి నీరు. నురగ, నారింజ ఆకులు, చీమలు. చేతిబ్యాటరీ వెలుతురులో అది మా కాళ్ల దాకా వచ్చింది. మా ఇద్దరికీ అరవై దగ్గర పడ్డాయి. ఒకర్నొకరం చూసుకుని, ఏం అనుకోకుండానే పది అడుగులు వెనక్కి వేశాం.

మా వంతు ముప్పావు గంట. చక్రం కట్టేసి గట్టు మీద కూర్చున్నాం. ఆ కాలువల కథ వాడు అప్పుడే చెప్పాడు. వెయ్యేళ్లకి ముందే హోహోకమ్ అనే జనం అక్కడ చేతి పనిముట్లతో వందల మైళ్ల కాలువలు తవ్వారు. 1450 ప్రాంతంలో వాళ్లు ఊళ్లు వదిలేశారు. తరవాత వచ్చిన తెల్లవాళ్లు పూడిపోయిన ఆ కాలువల్నే తీసి నీళ్లు పెట్టారు. ఊరికి ఫీనిక్సు అని పేరు పెట్టింది కూడా పాత ఊరి బూడిదలోంచి లేచిందనే. ఇప్పటి కాలువలు కొన్ని చోట్ల ఆ పాత దారినే వెళ్తాయి. కాలువకి దారి వెతికేవాడికి నేల వాలే గురువు. గొలుసు, లెవెల్ మిషను లేకుండా వాళ్లు ఆ వాలు ఎలా పట్టారో! నేను వంగి ఆ గట్టు మీది మట్టి చేత్తో ముట్టుకున్నాను.

ముంగండ వాళ్లావిడ కుండీలో కరివేపాకు చెట్టు మనిషెత్తు పెంచింది. ఒక మొక్క ఇస్తానంటే మా ఆవిడ మురిసిపోయింది. ఇంతలో వాడే వద్దన్నాడు. నారింజ, నిమ్మ తోటల్ని చంపే తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందట. అందుకే కాలిఫోర్నియాలోకి పోనివ్వరు, సరిహద్దులో ఆపి అడుగుతారు. ఆవిడ రెండు రెమ్మలు అక్కడే పోపులో వేసుకుని తృప్తిపడింది.

టూసాన్‌లో రాజోలు లేడు. వాళ్లమ్మగారికి బాగోలేదని మేం బయల్దేరిన వారమే ఇండియా వెళ్లాడు. తాళంచెవి పూలకుండీ కింద పెట్టానని కబురు చేశాడు. వాడి ఇంటి ముందు నేను కూర్చుని ఉంటే, వాడు మా రాజోలులో వాళ్లమ్మ మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. వాడి పెరట్లో సగువారో అనే బ్రహ్మజెముడు ఉంది, తాటిచెట్టంత ఎత్తు. దానికి కొమ్మ రావడానికే యాభై ఏళ్లకి పైగా పడుతుంది, నూట యాభై ఏళ్లు బతుకుతుంది. వాడి చెట్టుకి అయిదు చేతులున్నాయి. మా ఆవిడ దానికి కొంచెం దూరంలో ఒక చెంబు నీళ్లు పోసింది. ఆ పనసపొట్టు కూర పంపిన అమ్మ కోసం పోసినట్టనిపించింది నాకు. ఆవిడ ఆ ఏడే పోయారు.

తిరుగు దారి మామూలే. మొత్తం 1700 కిలోమీటర్లు తిరిగాం. బండి లీటరుకి నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వలేదు, ఖర్చు ఎంతయిందో మా అబ్బాయి ఇప్పటికీ చెప్పలేదు.

మార్చి మధ్యలో ఇంటికొచ్చేశాం. నెలాఖరులో ఒక రోజు తెల్లారగట్ల నాలుగున్నరకి ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే గుండె జారుతుంది. అప్పనపల్లి. వెనక గోలగోలగా పిల్లల కేకలు, ఏదో వాయిద్యం. "ఒరే గన్నవరం! మొదటి నీరు రా! నదిలోకి మొదటి నీరు!"

అమెరికా, మెక్సికో ఒప్పందం చేసుకుని, ఆ ఏడు మొరేలోస్ తలుపులు ఎత్తి, ఎండిన కొలరాడోలోకి నీరు వదిలారు. మార్చి 23న మొదలుపెట్టి ఎనిమిది వారాలు. మొత్తం లెక్క కడితే అయిదు టీఎంసీల లోపే, మన గోదారికి వరద రోజుల్లో గంటా గంటన్నర నీరు. మెక్సికో వైపు సాన్ లూయిస్ అనే ఊళ్లో జనమంతా వంతెన కింద ఇసకలోకి దిగి ఎదురుచూస్తున్నారట. వాడు ఆసుపత్రికి సెలవు పెట్టి సరిహద్దు దాటి వెళ్లాడు. బూట్లు చేతిలో పట్టుకుని నది నడిమధ్యలో నిలబడి నాకు ఫోను చేశాడు. "వస్తోంది రా, నురగ కనబడుతోంది, నెమ్మదిగా, అచ్చం మన కాలువలాగే... పిల్లలు వెనక్కి వెనక్కి..." అని ఆగిపోయాడు. తరవాత చాలాసేపు ఆ కేకలే వినిపించాయి. నేను మంచం మీద కూర్చుని వింటూనే ఉన్నాను. మా ఆవిడ లేచి కంగారుగా చూస్తుంటే ఏం చెప్పాలో తెలియక ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టాను.

మే నెల మధ్యలో మళ్లీ చేశాడు. ఆ నీరు ఉప్పునీళ్లలో కలిసిందని. అంత చిన్న మాట చెప్పడానికి వాడికి గొంతు సహకరించలేదు.

అప్పటి నుంచి మా మధ్య ఒక ఏర్పాటు ఉంది. వాడికి గుండె ఆపరేషన్ అయ్యాక అంత దూరం ప్రయాణం వద్దన్నారు. జూన్‌లో మా కాలువకి నీళ్లు వదిలిన రోజు, పొద్దున్న ఏడింటికి నేను లాకుల దగ్గరికి వెళ్తాను. వాడికి ముందు రోజు సాయంత్రం ఆరున్నర. తలుపుల కింద నుంచి నీళ్లు దూకే చోట ఫోను చాపి పట్టుకుంటాను. మాటలేం ఉండవు. పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చుకుంటాను. చాలు రా అని వాడనేదాకా పెట్టెయ్యను.

నిన్న రాత్రి ఫోను చేశాడు. కాలువ కట్టేశారని చెప్పాను.

"మళ్లీ ఎప్పుడొదుల్తారంట?"

"జూన్ మొదటి వారం అంటున్నారు."

"కిందటేడు మధ్యలో కట్టయిపోయింది. ఈసారి ముందు రాత్రే ఛార్జింగ్ పెట్టుకో" అన్నాడు.